షోషన్న కూతురి పన్నెండో ఏడు

బుధవారం మధ్యాహ్నం మాదాపూర్‌లో, ఆఫీసు క్యాంటీన్లో టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా షోషన్న ఫోన్‌కి ఆ మెసేజ్ వచ్చింది. మణికొండలో ఆమె ఉండే అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఎదురింటి సుబ్బలక్ష్మిగారు పెట్టారు. ముందు రెండు వరసల గులాబీలు, దణ్ణం పెట్టే చేతులు, ఆ కింద విషయం:

"మన 302 షోషన్నగారి అమ్మాయి చి. హదస్స పెద్దమనిషి అయిన శుభసందర్భంగా ఈ శనివారం ఉదయం పదింటికి కమ్యూనిటీ హాల్లో ఫంక్షన్. ఆడవాళ్ళందరూ తప్పక వచ్చి పిల్లని ఆశీర్వదించాలి. చిమ్మిలి నా వంతు."

ఇందులో శనివారం నిజం, పదిగంటలు నిజం, హాలు నిజం. మిగతాదాంట్లో ఒక్క ముక్క నిజం లేదు. హదస్స ఇంకా పెద్దమనిషి కాలేదు. "అయ్యిందే అనుకోండి, అది అపార్ట్‌మెంటంతా టముకు వేసి చెప్పే సంగతా?" వారం తర్వాత, ఇదంతా రాసుకుంటున్న నాతో ఈ మాట అంటున్నప్పుడు కూడా షోషన్న చెయ్యి బల్ల మీద ఫట్టున పడింది.

మెసేజ్ కింద అప్పటికే అభినందనలు బారులు తీరాయి. "బంగారుతల్లి", "గాడ్ బ్లెస్", ఒక చప్పట్ల బొమ్మ, ఇంకో చప్పట్ల బొమ్మ. నాలుగో అంతస్తు నుంచి ఎవరో "ఆషాఢంలో చేస్తున్నారేంటండీ, శ్రావణం దాకా ఆగొచ్చుగా" అన్నారు. దానికి మరొకరు "వాళ్ళకి ఆషాఢం పట్టింపు లేదులెండి, క్రిస్టియన్స్" అని సర్దిచెప్పారు.

అదీ నిజం కాదు. షోషన్న వాళ్ళు యూదులు. ఆమెది బాపట్ల వైపు ఓ పల్లె. బెనె ఎఫ్రాయిం అని తమను తాము చెప్పుకునే తెలుగు యూదుల కుటుంబాలు కొన్ని ఉన్నాయి కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో. తాతల కాలంలో చర్చికి వెళ్ళినవాళ్ళే. తర్వాత తమ మూలాలు వేరని నమ్మి, శనివారం పనులు మాని, ఒకరి దగ్గర ఒకరు హీబ్రూ అక్షరాలు దిద్దుకుని ఈ దారి పట్టారు. మాదిగ ఇళ్ళు కాబట్టి ఊళ్ళో వాళ్ళని ఒక పేరుతో పిలిచేవారు, కొత్తగా వీళ్ళు పెట్టుకున్న పేరు విని నవ్వేవారు. విదేశాల నుంచి వచ్చిన యూదు పెద్దలు నవ్వలేదు గానీ, "మీకు రుజువులున్నాయా?" అని అడిగి, ఫోటోలు తీసుకుని వెళ్ళేవారు.

మరి ఈ ఇంట్లో దిగేటప్పుడు క్రైస్తవులమని ఎందుకు చెప్పారని నేనడిగితే షోషన్న నా వైపు జాలిగా చూసింది. "మీరేవిట్లు, ఏం మతం అని ఇంటి ఓనరు అడిగాడండీ. ఒక్క ముక్కలో చెప్పాలి. యూదులం అంటే ఇంకో పది ప్రశ్నలు. పదో ప్రశ్నకి ఎలాగూ కులం దగ్గరికే వస్తారు. అప్పటికి ఇల్లు కిరాయికి లేదంటారు."

అందుకే ఈ శనివారం ఆమెకి అంత ముఖ్యం. హైదరాబాదు వచ్చాక మొదటిసారి, తాము ఎవరో తలుపులు తీసి పెట్టి చెప్పాలనుకుంది. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. అది ఆమె చిన్నప్పటిది.

షోషన్నకి పన్నెండు దాటిన ఏడాది, మేనమామ కొడుకు ఎలీషాకి పదమూడు నిండాయి. ఊళ్ళో పెంకుటింటి ప్రార్థనాలయంలో వాడిని ముందుకు పిలిచారు. తలపాగా అంత టోపీ పెట్టుకుని వాడు తప్పులతడకగా నాలుగు వాక్యాలు చదివితే పెద్దవాళ్ళందరూ ఊపిరి బిగబట్టి విన్నారు, ఆఖర్న పటికబెల్లం ముక్కలు విసిరారు. అదే నెలలో షోషన్న పెద్దమనిషి అయింది. మతం మారింది గానీ ఆచారం మారలేదు. తాటాకుల చాప మీద మూల కూర్చోబెట్టారు, చిమ్మిలి తినిపించారు. మేనమామ చీర తెచ్చి, కరెంటు స్తంభానికి మైకు కట్టించాడు. ఆ మైకులో ఆమె పేరు, సంగతి, రోజంతా. వాక్యాలు ఆమెకీ నోటికి వచ్చు. ఎలీషా కన్నా బాగా వచ్చు. నేను కూడా చదువుతానంటే తాత, "ఆడపిల్లవి, నీకెందుకే అమ్మా" అన్నాడు.

"వాడి గొంతు ఊరంతా విన్నది, నా ఒంటి సంగతి ఊరంతా విన్నది" అని షోషన్న ఈ కథ ఎప్పుడు చెప్పినా అంటుంది. ఆ ఎలీషానే తర్వాత పెళ్ళాడింది, అది వేరే సంగతి. "చదవడంలో ఓడించనివ్వలేదు, ఇంట్లో ఓడిస్తున్నాను" అని అతని ముందే నవ్వుతుంది.

ఆమె చెప్పినవీ, తర్వాత నేను వెతుక్కుని చదివినవీ కలిపితే ఈ వేడుక చరిత్ర ఇది. మగపిల్లాడికి పదమూడు, ఆడపిల్లకి పన్నెండు నిండితే ధర్మానికి కట్టుబడాల్సిన మనిషి అవుతారన్నది చాలా పాత నియమం. బార్ మిత్స్వా, బాత్ మిత్స్వా అన్నవి మొదట్లో వేడుక పేర్లు కావు, ఆ మనిషికి వచ్చే హోదా పేర్లు. ఎవరూ ఏ వేడుకా చేయకపోయినా ఆ వయసు వస్తే ఆ హోదా వచ్చినట్టే. పదిమందిలో పిలిచి చదివించడం, విందు పెట్టడం కొన్ని వందల ఏళ్ళ కిందట యూరప్‌లో వాడుకలోకి వచ్చాయి. విందులు శ్రుతి మించుతున్నాయని పెద్దలు కట్టడి చేసిన ఊళ్ళూ ఉన్నాయట. మన దగ్గర ఓణీల ఫంక్షనుకి, పంచెల ఫంక్షనుకి కట్టే ఫ్లెక్సీలు వాళ్ళు చూస్తే ఏమనేవారో. ఇదంతా మగపిల్లలకి. ఆడపిల్లలకి హోదా ఉంది, పిలుపు లేదు. దాదాపు వందేళ్ళ కిందట న్యూయార్కులో ఒక మతగురువు కూతురు పదిమందిలో చదివింది. అదీ తోలు మీద చేత్తో రాసిన ధర్మగ్రంథపు చుట్టలోంచి కాదు, అచ్చు పుస్తకంలోంచి, వేదికకి దూరంగా నిలబడి. ఆ మాత్రానికే లోకం తలకిందులవుతుందన్నారు.

బాపట్ల వైపు నుంచి రోజూ సాయంత్రం ఫోన్లో హదస్సకి పాఠం చెప్పే షోషన్న చిన్నాన్న కూడా మొదట్లో గొణిగాడు. "పిల్ల నేర్చుకుంటే నేర్చుకోనీ, సభలో చదివితే బయటి దేశాలవాళ్ళు ఒప్పుకోరే."

"వాళ్ళు మనల్నే ఒప్పుకోవట్లేదు గదా చిన్నాన్నా, ఇంక మన పిల్లని ఒప్పుకోకపోతే వచ్చే నష్టమేంటి?" అంది షోషన్న. ఆయన మర్నాటి నుంచి పాఠం ఇంకో పావుగంట పెంచాడు.

ఇంత చేసి, ఆమె ఒక్క చోట ఏమరుపాటు పడింది. హాలు కోసం అసోసియేషన్ సెక్రటరీ ఉదయ్ భాస్కర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన, "ఏం ఫంక్షనమ్మా?" అన్నాడు. "మా అమ్మాయికి పన్నెండేళ్ళు నిండాయండీ, మావాళ్ళలో ఒక వేడుక చేస్తాం" అంది. ఆయన గొంతు తగ్గించి, కళ్ళు దించుకుని, "అలాగేనమ్మా, మంచిది, మా ఆడవాళ్ళకి చెప్తాను, వాళ్ళు చూసుకుంటారు" అన్నాడు. కుర్చీల సంగతి చూసుకుంటారేమో అనుకుంది. పన్నెండేళ్ళ ఆడపిల్లకి ఫంక్షనంటే మన నేల మీద ఒకటే అర్థమని ఆ క్షణాన ఆమెకి తట్టలేదు.

ఆమె చేసేది మెడికల్ కోడింగ్. అమెరికా ఆసుపత్రుల కేసు షీట్లు చదివి ఒక్కో జబ్బుకి ఒక్కో సంఖ్య వేయడం. అక్కడెక్కడో ఉన్న రోగి పేరు కూడా బయట పొక్కనివ్వనని ఏటా సంతకం చేయించుకుంటారు. "ముక్కూ మొహం తెలీని మనిషి ఒంటి సంగతికి అంత కాపలా కాస్తానండీ నేను! నా కడుపున పుట్టినదాని సంగతికి గులాబీలు పెట్టి చాటింపు!"

సాయంత్రం గేటు దగ్గరే సాయమ్మ ఎదురైంది. మూడు నాలుగు ఇళ్ళలో పని చేస్తుంది. "ఏందమ్మా, గింత ముచ్చట నాకు జెప్పకపోతివి! పాప పెద్దగైందంట గద. ఇగ నాకో చీర వెట్టాలె, జర మంచిది."

"ఏమీ కాలేదు సాయమ్మా."

"గట్ల దాస్తరా అమ్మా, దిష్టి తగుల్తదనా?"

ఇంట్లో హదస్స మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. స్కూలు బూట్లు కూడా విప్పలేదు. చాలాసేపు బతిమాలితే చెప్పింది. లిఫ్ట్‌లో అయిదో ఫ్లోర్ మధు "కంగ్రాట్స్" అన్నాడు. పక్కనున్న వాళ్ళు నవ్వారు. ఒకావిడ ఆమె బుగ్గ గిల్లి, ఇకనుంచి మగపిల్లలతో షటిల్ ఆడకూడదమ్మా అంది. హదస్స లిఫ్ట్ దిగేసి మూడు అంతస్తులూ మెట్లెక్కి వచ్చింది.

"నేను చదవను. హాలు క్యాన్సిల్ చెయ్. నేనక్కడ నిలబడితే అందరూ అదే అనుకుంటూ చూస్తారు."

షోషన్న హ్యాండ్‌బ్యాగు కూడా దించకుండా వెళ్ళి ఎదురింటి బెల్లు నొక్కింది.

తలుపు తీస్తూనే సుబ్బలక్ష్మిగారు, "రామ్మా రా, నూరేళ్ళు! నువ్వులు వేయించడం అయింది. మీ వైపు చిమ్మిలిలో యాలక్కాయ వేస్తారా?" అన్నారు.

"నన్నడక్కుండా ఎందుకు పెట్టారండీ ఆ మెసేజ్?"

"అయ్యో, తల్లివి నీ అంతట నువ్వు చెప్పుకోలేవు కదమ్మా. ఇరుగూ పొరుగూ మేం ఉన్నది ఎందుకు? రాజమండ్రిలో మా మేనకోడలికైతే మెయిన్‌రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టించాం!"

"మా పిల్ల పెద్దమనిషి కాలేదు."

సుబ్బలక్ష్మిగారి నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. "కాలేదా? మరి ఫంక్షనేంటి?"

"మావాళ్ళలో పన్నెండు నిండితే ఆడపిల్ల తన మంచిచెడ్డలకి తనే జవాబుదారీ అండీ. ఆ రోజు తోరా చదువుతుంది. మా ధర్మగ్రంథం. ఒంటితో సంబంధం లేదు. మేం యూదులం."

"యూదులంటే ఇజ్రాయేలు కదూ? మరి మీది బాపట్ల అన్నావు?"

"బాపట్లే."

"నాకేం అర్థం కావట్లేదమ్మా. సర్లే, ఎవరైతే ఏం. రేపో మాపో కాబోయేదేగా, నాలుగు రోజులు ముందు చెప్పామనుకో. అందరు ఆడవాళ్ళకీ అయ్యేదే. అందులో సిగ్గుపడాల్సిందేముంది?"

"సిగ్గు కాదండీ, కోపం! నా పిల్ల లిఫ్ట్ ఎక్కట్లేదు!"

సుబ్బలక్ష్మిగారు కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ అందుకున్నారు. "ఇదిగో, డిలీట్ కొట్టేశా. చూసుకో."

"అందరూ చదివేశాక కొడితే ఏం లాభం?"

"అయితే సవరణ పెడతాను, ఆగు." ఆవిడ పైకి చదువుకుంటూ టైపు చేయడం మొదలుపెట్టారు. "302 అమ్మాయి హదస్స ఇంకా... పెద్దమనిషి... కాలేదని గమనించగలరు. అయినప్పుడు తెలియజేస్తాము."

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే షోషన్నకి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఇరవయ్యేళ్ళ కిందటి మైకు మీద కోపం, తాత మీద కోపం, ఇంటి ఓనరు మీద కోపం, అన్నీ ఒక్కసారే గొంతులోకి వచ్చాయి. "అయిందో కాలేదో మీకెందుకండీ! కాలేదు! మా పిల్ల ఇంకా కాలేదు! అయినా మీకు చెప్పం!" అని కారిడార్ మారుమోగేలా అరిచింది. అటు 304, ఇటు 301 తలుపులు తెరుచుకున్నాయి. మెట్ల మీద ఎవరో ఆగారు. వెనక తన ఇంటి తలుపు కూడా తెరుచుకున్నట్టు అనిపించి తిరిగి చూసింది.

గుమ్మంలో హదస్స నిలబడి ఉంది. "థాంక్స్ అమ్మా. గ్రూపులో లేనివాళ్ళకి కూడా తెలిసింది" అని తలుపు వేసుకుంది.

బాలానగర్ వర్క్‌షాప్ నుంచి ఎలీషా వచ్చేసరికి తల్లీకూతుళ్ళు చెరో గదిలో ఉన్నారు. సంగతంతా విని అతను చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ, "ఊరికి పోదాం షోషీ. మనవాళ్ళ మధ్య చేసుకుందాం. ఇక్కడ ఎవరికేం అర్థమవుద్ది?" అన్నాడు.

"ఊళ్ళో అర్థమైందా బావా? నాకు మైకు కట్టింది ఎవరు, మీ నాయన కాదూ? నేనెక్కడికీ పోను. శనివారం ఆ హాల్లో నిలబడి ఒక్కొక్కళ్ళనీ కడిగేస్తా. అసలు..."

"ఎవరిది ఫంక్షన్?" హదస్స ఎప్పుడు వచ్చిందో, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. "నువ్వు అందర్నీ కడిగెయ్యడానికా, నేను చదవడానికా?"

"నీ కోసమేగా అమ్మా నేను..."

"ఆంటీ కూడా నా కోసమే అంది. సాయమ్మా నా కోసమే. నన్ను ఒక్కళ్ళూ అడగలేదు. నువ్వు కూడా అడగలేదు. శనివారం నుంచి నా తప్పులకి నేనే జవాబుదారీ అని పొద్దస్తమానం చెప్తావు. నా గురించి మాట్లాడేది మాత్రం నువ్వే."

ఎలీషా నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. ఆ నవ్వు చూసి షోషన్నకి ఇంకా మండింది.

"నీ ఫోన్ ఇవ్వు" అంది హదస్స.

"ఏం చెప్తావు?"

"అందరితోపాటు నువ్వూ విను."

ఫోన్ ఇచ్చి బాల్కనీలోకి వెళ్ళడం తన జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటని షోషన్న అంటుంది. కాసేపటికి ఎలీషా ఫోన్ మోగింది. గ్రూపులో ఆడియో. కొంచెం వణుకుతున్న గొంతు, తర్వాత తర్వాత వణకని గొంతు.

"నమస్తే. నేను 302 హదస్స. నాకు పన్నెండేళ్ళు నిండాయి. నా గురించి మెసేజ్ పెట్టినవాళ్ళు నన్ను అడగలేదు. అది తప్పని కారిడార్‌లో అరిచిన మా అమ్మ కూడా నన్ను అడగలేదు. శనివారం పదింటికి నేను హీబ్రూలో చదివి, తెలుగులో చెప్తాను. మా నాన్న వాటా మాకెందుకు రాదని మోషే ముందు నిలబడి అడిగిన అయిదుగురు అక్కచెల్లెళ్ళ కథ. వినేవాళ్ళు రండి. బట్టలు పెట్టడానికైతే రావద్దు. థాంక్యూ."

గ్రూపులో ఎవరో "ఇంత చిన్నపిల్లకి ఎంత పొగరో" అని పెట్టి, వెంటనే తీసేశారు. పొరపాటైందని మాత్రం ఒక్కరూ అనలేదు. ఇది రాస్తున్న రోజుదాకా అనలేదు.

శుక్రవారం పొద్దు గుంకకముందే చిన్నాన్న, కూకట్‌పల్లి నుంచి తమవాళ్ళే ఇంకో రెండు కుటుంబాలవాళ్ళు వచ్చి షోషన్న ఇంట్లోనే పడుకున్నారు. శుక్రవారం పొద్దు గుంకితే వాళ్ళ విశ్రాంతి దినం, సబ్బాతు, మొదలు; ఆ నాడు బండి ఎక్కరు, కరెంటు మీటలు ముట్టరు. అందుకే మైకు కూడా వద్దన్నారు. "హాలుతోపాటు మైకు ఉందమ్మా, వాడుకోండి. పోనీ ఫోటోగ్రాఫరేడీ?" అని ఉదయ్ భాస్కర్ రెండుసార్లు తిరిగాడు. ఫోటోలు కూడా లేవంటే ఆయనకి మనసు ఒప్పలేదు.

అపార్ట్‌మెంటు వాళ్ళలో వచ్చింది కొద్దిమందే. మధుని వాళ్ళమ్మ చెవి పట్టుకుని తెచ్చినట్టుంది. సుబ్బలక్ష్మిగారు వచ్చారు, ఖాళీ చేతులతో. ఫంక్షనుకి ఖాళీ చేతులతో రావడం అలవాటు లేక ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నారు.

హదస్స మామూలు చుడీదార్‌లో నిలబడి అచ్చు పుస్తకంలోంచి రాగంతో చదవడం మొదలుపెట్టింది. మధ్యలో ఒక పదం దగ్గర ఆగిపోయింది. మాట అందించడానికి చిన్నాన్న నోరు తెరిచాడు. హదస్స తలెత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టింది. వాక్యం మొదటికి వెళ్ళి, మళ్ళీ చదివి, ఆ పదం దాటింది. చివరిదాకా చదివింది. తర్వాత తెలుగులో కథ చెప్పింది. కొడుకులు లేని తండ్రి పోతే, ఆయన పేరు ఎందుకు చెరిగిపోవాలని ఆ అయిదుగురూ గుడారం గుమ్మంలో, పెద్దలందరి ముందూ నిలబడి అడిగారట.

"ఇచ్చారా మరి వాటా?" ముందు వరసలోంచి సుబ్బలక్ష్మిగారు ఉండబట్టలేక అడిగారు.

"ఇచ్చారు ఆంటీ. కానీ ఆ భూమి బయటికి పోకుండా, తర్వాత వేరే తెగవాళ్ళని పెళ్ళి చేసుకోకూడదని షరతు పెట్టారు."

"అదీ! ఊరికే ఇస్తారా!" అని ఆవిడ కుర్చీ చేతి మీద ఒక్కటి చరిచారు. హాల్లో ఆడవాళ్ళంతా నవ్వారు, ఆవిడ నవ్వలేదు.

ఎలీషా ముందుకు వచ్చి, ఈ రోజు నుంచి ఈమె తప్పొప్పుల భారం నుంచి నన్ను విడిపించిన దేవుడికి స్తోత్రమని హీబ్రూలో, తెలుగులో చెప్పాడు. ఆ దీవెన మామూలుగా కొడుకులకే చెప్తారట. పిల్లలు చాక్లెట్లు విసిరారు, విసిరినవాళ్ళే ఏరుకున్నారు. షోషన్న ఏడుస్తుందని అందరూ ఆమె వైపు చూశారు. ఆమెకి ఏడుపు రాలేదు. ఇంత తేలికైన పనిని, ఒక పిల్ల లేచి నిలబడి నాలుగు వాక్యాలు చదవడాన్ని, తన నుంచి ఎందుకు లాక్కున్నారో అర్థంకాక పళ్ళు బిగబట్టి కూర్చుంది.

హాలు ఖాళీ అవుతుంటే ఉదయ్ భాస్కర్ దగ్గరికొచ్చాడు. "బాగా చదివిందమ్మా అమ్మాయి. చాలా బాగుంది." మళ్ళీ గొంతు తగ్గించాడు. "మరి అసలు ఫంక్షన్ ఎప్పుడు పెట్టుకుంటున్నారు?"

షోషన్న నోరు తెరిచింది. పక్కన నిలబడ్డ కూతురు చూసింది. షోషన్న నోరు మూసుకుంది.

"ఇదే అంకుల్" అంది హదస్స. "అయిపోయింది."